చదివినట్టు గుర్తు

మే 9

పిల్ల బళ్లో వేసవి తరగతుల నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది. లెక్కల టీచరు వెనక బెంచీవాళ్లను ఉతికి ఆరేసిందట. ఎందుకో చెప్పదు, ఎలాగో మాత్రం చేతులు తిప్పుతూ చెబుతుంది. మామూలుగా అయితే చేతిలో పని వదిలేసి ఆ మాట చీటీ మీద రాసుకునేదాన్ని. కుర్రకారు మాటలు పోగేసి, పాత పుస్తకాల్లో వాటికి తాతముత్తాతలు ఎవరైనా ఉన్నారేమో వెతకడమే కదా నా ఉద్యోగం. ఇవాళ రాసుకోలేదు. ఆ మాట ఇప్పటికే అచ్చయిపోయింది. మా నిఘంటువు నమూనా పుస్తకంలో, పదకొండో పేజీలో, "పాత వాడుక లేదు" అన్న ముక్కతో సహా.

ఈ డైరీ పిల్లకు బళ్లో ఏదో పోటీలో ఇచ్చారు. దానికి అక్కర్లేదంది. ఎవరికీ చెప్పుకోలేనివి ఉంటే ఇందులో రాసుకోవచ్చు. నాకు అలాంటివేం లేవు. బీరువాలో తువ్వాళ్ల కింద పెడతాను. మా ఇంట్లో తువ్వాళ్లు మడతపెట్టేది నేనొక్కదాన్నే.

మే 12

ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. రిటైరైన టీచరమ్మ. డెబ్బై రెండేళ్లట. ఇంటి దగ్గర ఎనిమిదిమంది పిల్లలకు ఇంకా పాఠాలు చెబుతోందట. చేతిరాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. నమూనా పుస్తకం మొత్తం చదివి, మెచ్చుకుని, చివర్లో మెల్లగా చురక అంటించింది. "ఉతికి ఆరేయడం అన్న మాటకు పాత వాడుక లేదని వేశారు. ఆ పెద్ద నవలలో బట్టలుతికే ఆవిడ గుమాస్తాను ఆ మాటే అంటుంది. బయట వాన కురుస్తూ ఉంటుంది. పెళ్లి కాకముందు చదివినట్టు గుర్తు. పేజీ గుర్తులేదు, మన్నించాలి."

పెద్ద నవల అంటే మా దిండు. ఏడువందల నాలుగు పేజీలు. ఆఫీసులో ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవరు. తల కింద పెట్టుకోవడానికి సరిపోతుంది, తల కింద పెట్టుకోకపోయినా నిద్ర వస్తుంది.

పెద్దాయన ఉత్తరం చదివి నవ్వారు. మా సంపాదకుడు నవ్వడమే అరుదు. ఆయన దిండును ఏడుసార్లు చదివారని ఊళ్లో పుస్తకం పట్టుకున్న ప్రతివాళ్లూ చెప్పుకుంటారు. "రెండు టిక్కులూ పడ్డ పుస్తకం కదమ్మా. మర్యాదగా జవాబు రాయండి, పెద్దావిడ" అన్నారు.

రెండు టిక్కులంటే మా పద్ధతి. ఒకరు చదివి, ప్రతి కుడి పేజీ కింది మూలన నల్ల పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. రెండోవారు చదివి నీలి పెన్సిల్‌తో పెట్టాలి. రెండూ పడితేనే ఆ పుస్తకంలో ఫలానా మాట లేదని అచ్చులో అనే హక్కు మాకు వస్తుంది. దిండులో నల్లవి నావి, నీలివి ఆయనవి.

మే 13

జవాబు రాయలేదు. తలనొప్పి.

మే 15

రాశాను. "ఇద్దరు పాఠకులు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. మీరు చెప్పిన వాడుక అందులో కనబడలేదు." కింద నా సంతకం.

కనబడలేదు అన్నాను, లేదు అనలేదు. ఆ రెంటికీ తేడా ఉంది. నాకు కనబడలేదు, అది నిజమే కదా.

మే 16

212 దాకా అక్షరం వదలకుండా చదివాను. ఆ తర్వాతవి చూశాను. చూడటం చదవడం కాదా? చూడకుండా ఎవరైనా ఎలా చదువుతారు?

మే 19

సరే. ఇక్కడ కూడా బుకాయిస్తే ఇక ఈ డైరీ ఎందుకు, చిత్తు కాగితాలకు పనికొస్తుంది.

రెండేళ్ల కిందటి మాట. దిండు నా బల్ల మీద నాలుగు నెలలుగా పడి ఉంది. పొద్దున తెరుస్తాను, ఒక మనిషి మంచం మీద నుంచి లేవడం మొదలుపెడతాడు, పేజీ తిప్పితే గానీ వాక్యానికి క్రియ రాదు, అప్పటికి నేను మంచం ఎక్కేదాన్ని. పెద్దాయన రోజూ వచ్చి ఎక్కడిదాకా వచ్చిందమ్మా అనేవారు. కోపంగా కాదు, ఆశగా. అదే చంపేసింది నన్ను. ఒక రోజు భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లాక, పుస్తకం ముందుకు లాక్కుని కింది మూల తిప్పుతూ టిక్కు, తిప్పుతూ టిక్కు. 213 నుంచి చివరిదాకా. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి పెన్సిల్ చెక్కుకోవలసి వచ్చింది.

చెక్కుకుంటున్నప్పుడైనా ఆగి ఉండొచ్చు. ఆగలేదు.

మే 22

పిల్లకు తెలుగు వాచకంలో దిండు నుంచి నాలుగు పేజీల పాఠం పెట్టారు. బట్టలుతికే ఆవిడ, గుమాస్తా కోటు, కోటు జేబులో తడిసిన ఉత్తరం. ఆవిడ ఆ ఉత్తరాన్ని ఆరబెట్టి పెట్టెలో దాచుకుంటుంది, అక్కడితో పాఠం అయిపోతుంది. "తర్వాత ఏమవుతుందో ఊహించి రాయండి" అని ప్రశ్న ఇచ్చారట. మా అమ్మ మొత్తం చదివింది, ఊహించడం దేనికి, అని క్లాసులో కోతలు కోసి వచ్చింది ఈ తల్లి.

చెప్పు అని నా మీద పడింది. పప్పు గిన్నె దించి, చేతులు తుడుచుకుని, ఆవిడ ఆ ఊరు వదిలేసి వేరే ఊళ్లో హాయిగా బతుకుతుంది అని చెప్పాను. చివర్లో గుమాస్తా క్షమాపణ కూడా అడుగుతాడని కలిపాను. అడిగించకపోతే పిల్ల ఊరుకునేలా లేదు.

"ఎంత బాగుందమ్మా, నువ్వు తోపు" అంది. స్నానాల గదిలోకి వెళ్లి కాసేపు నీళ్లు వదిలి నిలబడ్డాను.

మే 24

పిల్లకు పదికి తొమ్మిది వచ్చాయి. కథ చివర బాగా గుర్తుపెట్టుకుని రాశావు అని టీచరు రాసింది. అంటే బళ్లో తెలుగు టీచరు కూడా చదవలేదా...

నవ్వొచ్చింది. కాసేపటికి భయమేసింది.

మే 27

రెండో ఉత్తరం. ఇది నా పేరుకే వచ్చింది.

నా జవాబుకు కృతజ్ఞతలు చెప్పింది మహాతల్లి. తర్వాత ఇలా రాసింది. "ఇద్దరు పూర్తిగా చదివినవాళ్లకు కనబడని మాట నాకు గుర్తుందంటే, నా జ్ఞాపకమే నన్ను మోసం చేస్తోంది. ఇంట్లో వాళ్లు ఏడాదిగా అంటున్నారు, నేను ఒప్పుకోలేదు. తాళాలు ఎక్కడో పెడతాను, పొయ్యి మీద పాలు మరిచిపోతాను, అవి అందరూ చేసేవే అనుకున్నాను. చదివినవి మాత్రం మరిచిపోనని గట్టిగా వాదించాను. అందుకే మీకు రాశాను, ఆ మాట ఉంటే ఇంట్లోవాళ్లకు చూపిద్దామని. ఇప్పుడు వాళ్లదే నిజమైంది. లేనివి ఉన్నట్టు పిల్లలకు నేర్పితే పాపం. జూలై ఒకటిన కొత్త పాఠాలు మొదలుపెట్టాలి. ఆ లోపు తల్లిదండ్రులను పిలిచి, ఇక చెప్పలేనని చెప్పేస్తాను."

రెండుసార్లు చదివాను. ఎవరైనా చూస్తారని ఉత్తరం బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. ఆఫీసు ఉత్తరం ఇంటికి తేవడం ఇదే మొదలు.

మే 28

మాట అందులో లేకపోవచ్చు కూడా. అప్పుడు నేను రాసింది అబద్ధం అవదు, ఆవిడకు నిజంగానే మతిమరుపు. అదే అయి ఉంటుంది.

ఇలా ఆశపడుతున్నానని ఇప్పుడే గమనించాను. ఛీ.

మే 29

భోజనాల వేళ చీటీల గదిలో కూర్చుని దిండు మొత్తం తిరగేశాను. వాన కోసం, బట్టల కోసం, గుమాస్తా కోసం. వాన రెండుచోట్ల కురిసింది, రెండుచోట్లా ఆవిడ లేదు. ఆవిడ ఉన్నచోటల్లా ఎండ కాస్తోంది. తిరగేస్తే దొరికేది కాదు. ముందు నుంచి చదువుకుంటూ పోవాలి.

దిండును ఆఫీసు దాటించకూడదు. చదివేసిన పుస్తకం మళ్లీ ఎందుకు చదువుతున్నావని ఎవరైనా అడిగితే నోట మాట రాదు. హాజరు పుస్తకం పాత అట్ట ఒకటి దొరికితే దిండుకు తొడిగాను. సరిగ్గా సరిపోయింది. దొంగపనులకు అన్నీ అలా కలిసొస్తాయి.

213 నుంచి మొదలు.

మే 30

219.

జూన్ 1

226. మధ్యలో కునుకు. బుగ్గ మీద అక్షరాలు అచ్చుపడ్డాయేమోనని అద్దం చూసుకున్నాను.

జూన్ 3

రోజుకు పద్దెనిమిది పేజీలు పడితే నెలాఖరుకు అవుతుంది. ఇవాళ నాలుగు. ఒక వంతెన గురించి మూడు పేజీలు ఉంది. వంతెన ఎవరూ దాటలేదు.

జూన్ 6

268లో ఆగిపోయాను. పాటగాడు సంతలో గొప్పలు పోతుంటే బట్టలుతికే ఆవిడ ఒక్క మాటతో "వాడి గాలి తీసేసింది" అని ఉంది. నమూనాలో గాలి తీయడం కూడా ఉంది. పద్దెనిమిదో పేజీ. "పాత వాడుక లేదు."

అంటే ఒక్క మాట కాదు.

జూన్ 9

301లో "అంత లేదు". ఇవాళ్టి పిల్లలు ఎలా అంటారో అచ్చం అలాగే, మూతి తిప్పి మరీ. 340 దగ్గర ఒక బండివాడికి "దూల తీరింది". నూరేళ్లకు పైబడిన పుస్తకం ఇది, ఇందులో మనుషులు మా పిల్ల స్నేహితుల్లా మాట్లాడుకుంటున్నారు. ఇంకెప్పుడైనా అయితే గంతులేసేదాన్ని, చీటీల గది అంతా చాటేదాన్ని. మూడు చీటీలు రాసి బ్యాగులో లోపలి అరలో పెట్టి జిప్పు లాగేశాను. అన్నీ నా టిక్కుల కిందే ఉన్నాయి.

మా ఆయన ఏంటి ఈ మధ్య అన్నం కెలుకుతున్నావు అన్నాడు. పళ్లు నొప్పి అన్నాను. పాపం ఆయన లవంగ నూనె తెచ్చాడు. నొప్పి లేని పన్నుకు రాసుకున్నాను.

జూన్ 11

చీటీలు సర్దే అమ్మాయి పట్టేసింది. నా వెనక నుంచి వచ్చి, "ఏంటక్కా, హాజరు పుస్తకం చదివి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నావు?" అంది. కంట్లో నలక అన్నాను. అది అట్ట వంక చూసింది, నా వంక చూసింది, తన డబ్బాల దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం పెద్దాయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పది నిమిషాలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బయటికి వచ్చాక సెలవు అడగడానికి వెళ్లానంది.

నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఉత్తరం పెట్టెలో దాచుకుందని ఊరంతా ఆవిడను దొంగలా చూస్తోంది. గుమాస్తా నోరు తెరవడు. ఆవిడ ఆ ఉత్తరం చదివిందా లేదా అని అందరూ అడుగుతారు, అసలు ఆవిడకు చదవడం వచ్చో రాదో మాత్రం ఎవరూ అడగరు.

జూన్ 13

371. ఇవాళ ఇరవై పేజీలు, నిద్ర రాలేదు. భయం వల్ల అనుకున్నాను. కాదేమో.

జూన్ 17

పెద్దాయన పిలిచారు. నిఘంటువు మొదటి సంపుటం అచ్చుకు వెళ్తోందట, ముందుమాట రాశారట, చదివి చూడమన్నారు. అందులో నా గురించి ఒక వాక్యం ఉంది. "అక్షరం వదలకుండా చదివే పాఠకురాలు." చదివి, బాగుంది సార్ అని తిరిగి ఇచ్చాను. ఏమన్నా మార్చాలా అమ్మా అని అడిగారు. లేదన్నాను.

జూన్ 20

438.

టీచరమ్మ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మడత దగ్గర చిరుగుపడుతోంది. దిండు కన్నా అదే ఎక్కువసార్లు చదివాను.

జూన్ 24

480.

పేజీ తిప్పాను. 481. అది చదివి తిప్పితే తిన్నగా 484 వచ్చింది. రెండు ఆకులు అతుక్కున్నాయేమో అనుకుని గోటితో విడదీయబోయాను. అతుక్కోలేదు. పై అంచు కోయనేలేదు. పాత పుస్తకాలు కొన్ని అలాగే వచ్చేవి, పెద్ద కాగితం మడిచి కుట్టేసి, చదువుకునేవాళ్లే చాకుతో కోసుకుంటూ పోవాలి. ఆకులు జంటలు జంటలుగా, నెత్తి మీద మడతతో, చివరిదాకా అలాగే ఉన్నాయి. 481 నుంచి 704 దాకా ఎవరి చాకూ తగల్లేదు.

అందుకే తిరగేసినప్పుడు కనబడలేదు. సగం పేజీలు లోపల ఉన్నాయి.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత కింది మూల ఎత్తి చూశాను. లోపలి పేజీ మూలన నా నల్ల టిక్కు. ఆ రోజు మూలలు మాత్రమే తిప్పాను కనుక కోశారో లేదో నాకు తెలియలేదు. నా టిక్కు పక్కన నీలి టిక్కు.

రెండోది ఎత్తాను. నీలి టిక్కు. మూడోది. చివరిదాకా ఎత్తాను. అన్నిటికీ ఉన్నాయి.

పుస్తకం మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

జూన్ 25

నాకు ఊరట కలగాలి. ఆయనా చదవలేదు. ఊరట ఏమీ కలగలేదు, పట్టుకోవడానికి ఉన్న గోడ కూడా పడిపోయినట్టుంది. నేను తప్పు చేశాను గానీ వెనక ఆయన ఉన్నారు, ఏదైనా జారిపోయి ఉంటే ఆయన పట్టి ఉంటారు అనుకునేదాన్ని లోపల్లోపల. ఎవరూ లేరు. ఆ టీచరమ్మతో ఇద్దరు చదివారని చెప్పాం. ఒక్కరు కూడా లేరు.

కోస్తే చదవగలను. కానీ కోస్తే మేమిద్దరం చదవలేదన్న రుజువు పోతుంది. కోయకుండా చూడాలని కింది నుంచి ఆకుల్ని గూడులా పైకెత్తి, మెడ వంచి, ఒక కన్ను మూసి లోపలికి చూశాను. 482, 483, వంటగది, మాటలు, ఏమీ లేదు. తర్వాతి జంట ఎత్తాను. 486లో వాన మొదలైంది. 487లో గుమాస్తా గుమ్మంలో నిలబడ్డాడు, ఉత్తరం ఇచ్చెయ్యమని అడుగుతున్నాడు. పేజీ సగంలో ఉంది ఆవిడ మాట. "ఇంకొక్క అడుగు వేశావంటే నీ కోటుతో పాటు నిన్ను కూడా ఉతికి ఆరేస్తాను."

ఆ చీకటి మడతలో ఆ వాక్యం ఎన్నేళ్లు అలా కూర్చుందో. టీచరమ్మకు ఒక్క అక్షరం తప్పు రాలేదు. వాన కూడా తప్పు రాలేదు.

మెడ పట్టేసింది.

జూన్ 26

అట్ట తీసేసి దిండు పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్లాను. గడప దగ్గర వెనక్కి తిరగబోయాను కూడా, రెండుసార్లు. లోపలికి వెళ్లాక మాట్లాడలేక పుస్తకం ఆయన ముందు పెట్టి 487 మూల ఎత్తి చూపించాను. రెండు టిక్కులు, పైన మడత.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నన్ను కూర్చోమనలేదు, మరిచిపోయినట్టున్నారు.

"ఇది నాకు తెలుసమ్మా" అన్నారు.

480 దాకా కోసింది ఆయనేనట. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకే మధ్యాహ్నం, ఇక చదవడమే తరువాయి అన్న ఉత్సాహంతో. నాలుగుసార్లు మొదలుపెట్టారట. మూడువందలు ఎప్పుడూ దాటలేదట. మరి ఏడుసార్లు అంటారే అని నోరు జారి అడిగేశాను. ఎవరో సభలో అన్నారట, ఆయన కాదనలేదట, మరుసటి సభ నాటికి కాదనడానికి వేళ మించిపోయిందట.

"మీ నల్ల టిక్కులు కోయని ఆకుల మీద చూశాను. ఆ రోజు మీ మీద కోపం రావాలి. రాలేదు. హమ్మయ్య అనుకున్నాను."

రెండేళ్లుగా ఆయనకు నా సంగతి తెలుసు. రోజూ నమస్కారం పెడుతుంటే, రోజూ తెలుసు. ముందుమాటలో ఆ వాక్యం రాసినప్పుడు కూడా తెలుసు.

టీచరమ్మ రెండో ఉత్తరం చూపించాను. చదువుతుంటే ఆయన పెదాలు కదిలాయి. సొరుగులో నుంచి కాగితాలు కోసే చాకు తీసి నా వైపు జరిపారు. తలుపు మూసి ఉందా అని ఒకసారి చూశారు. ఆయన కూడా భయపడతారని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు.

"పేజీ సంఖ్య ఆవిడకు ఇవాళే పంపండి. మా దృష్టి దాటిపోయింది అని రాయండి. అంతకన్నా అక్కర్లేదు. ఇవి మాత్రం కోసెయ్యండమ్మా."

కోశాను. చివరిదాకా. ఒడి నిండా కాగితం పొట్టు. దులుపుకుని లేచేసరికి మేమిద్దరం చదవలేదని చెప్పగలిగింది ఇక లోకంలో ఏదీ లేదు. మిగతా మూడు చీటీలూ ఇచ్చాను, నమూనాలోవి నాలుగు మాటలూ సంపుటంలో దిద్దుతామన్నారు. ఉత్తరం రాశాను. "487వ పేజీలో ఉంది. మీ జ్ఞాపకమే సరి. మా ఇద్దరి దృష్టీ దాటిపోయింది, మన్నించండి." ఆయన కూడా సంతకం పెట్టారు. నడిచి వెళ్లి పోస్టులో వేసి వచ్చాను.

ఒడ్డున పడ్డాం.

జూన్ 29

ఒడ్డున పడ్డాక కూడా అన్నం సయించడం లేదు. ఒకటో తేదీలోపు ఉత్తరం చేరుతుందా? ఈపాటికే తల్లిదండ్రులను పిలిచి చెప్పేసి ఉంటే?

జూలై 1

ఈ పూట ఎనిమిదిమంది పిల్లలు వచ్చి కూర్చున్నారో, తలుపు మూసి ఉందని తిరిగిపోయారో.

జూలై 3

దిండు తెరవలేదు. పని అయిపోయింది కదా, తెరవాల్సిన అవసరం లేదు. 488 ఎలా మొదలవుతుందో మాత్రం కంట పడింది, వాన వెలుస్తోంది. మూసేశాను.

జూలై 7

వచ్చింది. మళ్లీ నా పేరుకే.

"మీ ఉత్తరం ముప్పయ్యో తేదీ పొద్దున అందింది. తల్లిదండ్రులు సాయంత్రం వచ్చారు. వాళ్లకు ఇవ్వాల్సిన కబురు ఇవ్వలేదు, టీ ఇచ్చి పంపించాను. ఒకటి నుంచి పాఠాలు చెబుతున్నాను. మీ ఉత్తరం అద్దంలో పెట్టించి గోడకు తగిలించాను, ఇంట్లోవాళ్లు పాలగిన్నె మాట ఎత్తినప్పుడల్లా దాని వంక చూపిస్తున్నాను."

ఇక్కడిదాకా చదివి పెద్దగా ఊపిరి వదిలాను. చీటీల అమ్మాయి తిరిగి చూసింది. తర్వాత రెండో పేజీ.

"ఒక సంగతి చెప్పాలి, నవ్వకండి. ఆ పుస్తకం నేను పూర్తి చెయ్యలేదు. ఆ పేజీ దగ్గరే ఆపేశాను. పుస్తకం పక్కింటివాళ్లది, ఆ సాయంత్రమే వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ వచ్చి తీసుకుపోయారు. ఆవిడ చేతిలో తడి బట్ట, గుమ్మంలో గుమాస్తా, బయట వాన, అలాగే ఉండిపోయారు యాభై ఏళ్లుగా. అందుకే అంత బాగా గుర్తుంది. తర్వాత పుస్తకం దొరక్క కాదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఆ వంతెన దగ్గరే నిద్ర వచ్చేసేది. ఇప్పుడు అంత సన్న అచ్చు చదవడానికి కళ్లు కూడా సహకరించవు. మీరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవారు. ఒక్క మాట చెప్పండి. చివరికి ఆవిడ ఆ ఉత్తరం చదివిందా?"

జూలై 8

పిల్లకు చెప్పినట్టే చెప్పొచ్చు. ఊరు వదిలి వెళ్లింది, హాయిగా ఉంది, గుమాస్తా క్షమాపణ అడిగాడు. పదికి తొమ్మిది మార్కులు వచ్చిన జవాబు. డెబ్బై రెండేళ్ల మనిషి, సన్న అచ్చు కనబడదు, ఎక్కడికెళ్లి సరిచూసుకుంటుంది.

ఆవిడ నమ్ముతుంది. గోడకు తగిలించింది నా సంతకాన్ని. ఇది కూడా నమ్ముతుంది, ఎనిమిదిమంది పిల్లలకు కూడా చెబుతుంది.

పొద్దున్నుంచి మూడు కాగితాలు చింపాను.

జూలై 9

రాశాను. ఇంటి కాగితం మీద, పెద్దాయనకు చూపించకుండా.

"అమ్మగారూ, ఆవిడ ఆ ఉత్తరం చదివిందో లేదో నాకు తెలియదు. ఇద్దరు పాఠకులు పూర్తిగా చదివారని మే పదిహేనున మీకు రాసింది నేను. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేనే. చదవలేదు. చదవకుండా టిక్కులు పెట్టాను, చదవకుండా మీకు మతిమరుపు అని చెప్పాను. రెండోవారి సంగతి నేను చెప్పకూడదు. మీరు దీన్ని ఎవరికైనా చూపించవచ్చు, అద్దంలో పెట్టించవచ్చు. పాఠాలు మాత్రం మానకండి. నేను 487 దాకా వచ్చాను, మీరు ఆగినచోటే ఉన్నాను. చదివి చెబుతాను."

పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి కాసేపు లోపలే ఉంచాను, ఇంకా అందుతుందేమోనని. అందలేదు. ఆవిడ కోపంతో ఆఫీసుకు ఒక్క ముక్క రాస్తే చాలు, నా ఉద్యోగం ఆ రోజుతో సరి. రాయకపోతే కూడా ఆవిడకు తెలుసు, పెద్దాయనకు తెలుసు, ఇక రోజూ పోస్టు వచ్చే వేళకు నా కళ్లు గుమ్మం వైపే ఉంటాయి.

సాయంత్రం పిల్లను పిలిచి, ఆ కథ చివర నేను కల్పించి చెప్పానన్నాను. ఉతికి ఆరేస్తుందనుకున్నాను. "మరి నిజంగా ఏమైంది?" అంది.

జూలై 10

పోస్టులో మాకు ఏమీ రాలేదు. ఇంకా చేరి ఉండదు.

భోజనాల వేళ దిండు తెచ్చుకున్నాను, అట్ట లేకుండా. రబ్బరు తీసుకుని 489 నుంచి 703 దాకా నా నల్ల టిక్కులన్నీ చెరిపాను. పెట్టడానికి పట్టినదాని కన్నా చాలా ఎక్కువసేపు పట్టింది. కొన్ని పోలేదు, కాగితం మీద గాడి పడిపోయింది. నీలివి ముట్టుకోలేదు. తల ఎత్తితే పెద్దాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. లోపలికి వెళ్లలేదు. రబ్బరు పొట్టు దులిపి పేజీలు వెనక్కి తిప్పాను.

వాన వెలుస్తోంది. 488.

489. టిక్కు.